ఒక్క ముడి కోసం: బాణానికి మందు కట్టే ఎంజైమ్‌ల వింతలు విశేషాలు

గుత్తివంకాయ కూరకు కాయల్ని నాలుగు పక్షాలుగా చీల్చాక, ఉప్పునీళ్లలో వెయ్యడం కాస్త ఆలస్యం చేసి చూడండి. తెల్లటి కండ మీద ముందు లేత టీ రంగు మరకలు పడతాయి. ఆ తర్వాత గింజల చుట్టూ ముదురు గీతలు వస్తాయి. కనరెక్కిందంటాం. కత్తి తగిలిన చోట కణాలు చిట్లి, అప్పటిదాకా విడివిడి అరల్లో ఉన్న ఒక ఎంజైమూ, కాయలోని ఫీనాల్ జాతి పదార్థాలూ, గాలిలోని ఆక్సిజనూ ఒకచోట చేరాయన్నమాట. అదే కుటుంబానికి చెందిన ఎంజైమ్ పుట్టగొడుగుల్లోనూ ఉంది. పేరు టైరోసినేజ్. నెదర్లాండ్స్‌లో కొందరు శాస్త్రవేత్తలు ఈ పుట్టగొడుగు ఎంజైమ్‌నే తీసుకుని, యాంటీబాడీ మీద మందును తగిలించడానికి కొక్కెం తయారుచేయించారు. మన వంటింట్లో కూరగాయను నల్లబరిచే రసాయన చర్యే, చోటు మారేసరికి క్యాన్సర్ వైద్యానికి పనిముట్టయింది.

ఇలాంటి పనిముట్ల కథలే ఇవన్నీ. యాంటీబాడీ అనే బాణానికి మందు ఎలా కడతారు, ఎక్కడ కడతారు, ఎవరు కట్టిపెడతారు అన్న మూడు ప్రశ్నల చుట్టూ వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మందు ఎంత గొప్పదైనా ముడి పడిన చోటు బాగాలేకపోతే వైద్యం చెడుతుందని నేర్చుకోవడానికే అందులో దశాబ్దాలు పట్టింది.

రామబాణం ఊహించిన జర్మన్

బాగా గుణమిచ్చే మందును మనం రామబాణం అంటాం. జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే వైద్యుడు మంత్రపు తూటా అన్నాడు. ఒంట్లో మిగతా దేన్నీ ముట్టుకోకుండా రోగకారకాన్నే వెతికి కొట్టే మందు ఉండాలన్నది ఆయన కల. కణజాలానికి రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తున్నప్పుడు, కొన్ని రంగులు కొన్ని కణాలకే అంటుకోవడం ఆయన గమనించాడు. రంగు ఎంచుకుని అంటుకోగలిగితే మందు ఎందుకు అంటుకోలేదన్నది ఆయన ఆలోచన. 1908లో నోబెల్ అందుకున్నాడు. కానీ గురి తప్పని బాణం ఒకేరకంగా, కావలసినంత దొరకడానికి 1975 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. 1984లో వాళ్లకూ నోబెల్ వచ్చింది.

బాణం చివర విషం కట్టిన మందులనే యాంటీబాడీ డ్రగ్ కాంజుగేట్లంటారు. ఆస్పత్రుల్లో పొట్టిగా ఏడీసీ అంటారు. యాంటీబాడీ వెళ్లి క్యాన్సర్ కణం పైపొర మీది గుర్తును పట్టుకుంటుంది. కణం దాన్ని లోపలికి మింగుతుంది. లోపల విషం విడుదలవుతుంది. బరువుల తేడా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. యాంటీబాడీ సుమారు 1,50,000 డాల్టన్లు. దానికి కట్టే ఎంఎంఏఈ అనే మందు 718 డాల్టన్లు. అరవై కిలోల మనిషి చేతిలో మూడు వందల గ్రాముల పొట్లం పెట్టి పంపినట్టు. ఆ పొట్లంలో ఉన్నదాన్ని విడిగా నరంలోకి ఎక్కిస్తే మనిషి తట్టుకోలేడు. అందుకే అది దారిలో ఊడిపోకూడదు.

మొట్టమొదటి ముడి, భీమవరం పేరు

యాంటీబాడీకి క్యాన్సర్ మందు కట్టిన తొలి ప్రయత్నంగా చెప్పుకునేది 1958 నాటిది. ఫ్రాన్స్‌లో జార్జెస్ మాతే బృందం, ఎలుకల లుకేమియా కణాలను హామ్‌స్టర్లకు ఎక్కించి, వాటి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను తీసి, వాటికి అమెథాప్టెరిన్ అనే మందును రసాయనంతో అతికించింది.

ఆ అమెథాప్టెరిన్‌నే ఇవాళ మెథోట్రెక్సేట్ అంటున్నాం. కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ డాక్టరు వారానికొకసారి వేసుకోమని రాసిచ్చే మాత్ర అదే. దాన్ని తయారుచేసింది అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాల. అప్పుడు ఆ పరిశోధనలకు సారథి 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లోనే కన్నుమూశారు. తన బృందం చేతుల్లో పుట్టిన మందు పదేళ్లకు ప్రపంచపు తొలి ఏడీసీకి విషమవుతుందని ఆయనకు తెలిసే వీలు లేదు.

కథ అక్కడితో ఆగలేదు. 1980ల్లో అదే లెడర్లే శాస్త్రవేత్తలు టెక్సస్‌లో సున్నపురాళ్ల నేల నుంచి తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నారు. అది చేసే విషానికి, ఆ రాతినేలకు వాడే కలిచే అన్న పేరు మీదుగా కలిచియమైసిన్ అని పేరు పెట్టారు. డీఎన్ఏ రెండు పోగుల్నీ తెంచేసే విషమది. 2000లో అమెరికా అనుమతి పొందిన తొలి ఏడీసీ మైలోటార్గ్‌లో ఉన్నది ఆ కలిచియమైసినే. మొదటి ప్రయోగంలోని మందూ, మొదటి అనుమతి పొందిన మందులోని విషమూ ఒకే సంస్థ గూట్లోంచి రావడం తెలుగువాళ్లం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగ్గ సంగతి.

సగం బాణాలు ఖాళీ

మైలోటార్గ్‌కు ఇంకో రికార్డు కూడా ఉంది. అది బాధపెట్టే రికార్డు. అప్పటి తయారీలో దాదాపు సగం యాంటీబాడీలకు మందే అంటలేదు. మిగతా సగానికి ఒక్కోదానికి నాలుగు నుంచి ఆరు దాకా అంటుకుంది. ఖాళీ బాణం కూడా వెళ్లి గుర్తు మీద కూర్చుంటుంది, మందున్న బాణానికి చోటు లేకుండా చేస్తుంది. తర్వాతి పరీక్షలో లాభం తేలకపోగా మరణాలు పెరగడంతో 2010లో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. మోతాదు తగ్గించి, విడతలుగా ఇచ్చే పద్ధతి నేర్చుకున్నాక 2017లో మళ్లీ అనుమతి వచ్చింది. వెనక్కి వెళ్లి ఏడేళ్ల తర్వాత తిరిగొచ్చిన మందులు అరుదు.

రసాయనంతో అతికించడంలో చిక్కు ఏమిటంటే, రసాయనానికి చోటు తెలియదు. యాంటీబాడీలో లైసిన్ అనే అమైనో ఆమ్లాలు ఎనభైకి పైనే ఉంటాయి. మందు వాటిలో దేనికి తగిలితే దానికి అంటుకుంటుంది. 2013లో వచ్చిన కాడ్‌సైలాలో ఒక్కో యాంటీబాడీకి సగటున 3.5 మందు అణువులు. మూడున్నర అంటే కొన్నింటికి సున్నా, కొన్నింటికి ఏడెనిమిది, అదీ ఎక్కడపడితే అక్కడ. లెక్కవేస్తే ఒకే సీసాలో లక్షల రకాల అణువులు ఉండే వీలుంది. ఒక్క పేరుతో అమ్మే మందులో ఇన్ని రకాలుండటం వైద్యచరిత్రలోనే పెద్ద వింత అని నా అభిప్రాయం. అయినా అది ఎందరో రొమ్ము క్యాన్సర్ రోగుల ప్రాణం నిలిపింది. దాని తొలి బయోసిమిలర్‌ను 2021లో విడుదల చేసింది మన దేశానికి చెందిన, అహ్మదాబాద్‌లోని జైడస్ కంపెనీయే.

మందు ఎక్కువ కడితే ఎక్కువ పనిచేస్తుందని ఎవరైనా అనుకుంటారు. 2004లో కెవిన్ హాంబ్లెట్ బృందం ఒకే యాంటీబాడీకి రెండు, నాలుగు, ఎనిమిది చొప్పున మందు కట్టి ఎలుకల్లో పోల్చి చూసింది. ఎనిమిది కట్టినవి రక్తంలోంచి త్వరగా వెళ్లిపోయాయి, నాలుగు కట్టినవాటికన్నా మెరుగ్గా పనిచెయ్యలేదు. 2008లో జెనెన్‌టెక్‌లో జగత్ జునుతుల బృందం ఇంకో అడుగు వేసింది. యాంటీబాడీలో ఎంచుకున్న చోట సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని ఒక్కోటి పెట్టి, సరిగ్గా అక్కడే రెండంటే రెండే మందు అణువులు కట్టింది. మందు బలం తగ్గలేదు, ఒంటికి హాని తగ్గింది. దాంతో అందరి చూపూ ముడి పడే చోటు మీదికి మళ్లింది. చోటును గుర్తుపట్టడంలో ఎంజైమ్‌ను మించినవాడు లేడు.

మాంసం అతికించే జిగురు

జపాన్‌లో చేపముద్దతో కామబోకో అనే వంటకం చేస్తారు. ముక్క కోస్తే అంచు నున్నగా తెగుతుంది, వేలితో నొక్కితే రబ్బరులా తిరిగి లేస్తుంది. ఆ బిగువు పెంచడానికి వాడే ఎంజైమ్ పేరు ట్రాన్స్‌గ్లుటమినేజ్. 1989లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియాలో కనుగొన్నట్టు ప్రకటించారు. ప్రొటీన్‌లోని గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని పక్క ప్రొటీన్‌లోని లైసిన్‌తో కలిపి కుట్టేస్తుంది. కుట్టు పడ్డప్పుడల్లా ఒక్కో అమ్మోనియా అణువు బయటికి పోతుంది. చిన్నచిన్న మాంసపు ముక్కల్ని ఒకే పెద్ద ముక్కగా అతికించడానికీ, పెరుగు గట్టిపడటానికీ, నూడుల్స్ సాగడానికీ దాన్నే వాడతారు.

దీని బంధువు మన ఒంట్లోనే ఉంది. కత్తిపీట మీద కూర తరుగుతూ వేలు తెగితే, రక్తం గడ్డకట్టాక ఆ గడ్డ నారల్ని అడ్డంగా కుట్టి గట్టిపరిచేది ఫ్యాక్టర్ 13. అదీ ట్రాన్స్‌గ్లుటమినేజే. అది లేకుండా పుట్టిన బిడ్డకు బొడ్డు ఊడినచోట కూడా రక్తం ఆగదు.

ఇక అసలు వింత. యాంటీబాడీలో గ్లుటమిన్‌లు డజన్ల కొద్దీ ఉంటాయి. మాంసం ముక్కల్లో ఇష్టమొచ్చినట్టు కుట్లు వేసే ఈ ఎంజైమ్, యాంటీబాడీ దగ్గరికి వచ్చేసరికి మడికట్టుకున్నట్టు ప్రవర్తిస్తుంది. యాంటీబాడీలో బరువు గొలుసు అనే పెద్ద ప్రొటీన్ పోగులో 295వ స్థానంలో ఉన్న ఒకే ఒక్క గ్లుటమిన్‌ను ముట్టుకుంటుంది. అదీ పక్కనే 297 దగ్గర వేలాడే చక్కెర గొలుసును తీసేస్తేనే. బరువు గొలుసులు రెండు కాబట్టి ముడులు సరిగ్గా రెండు. 2010లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఈ సంగతి చూపించారు. 297 దగ్గరున్న అమైనో ఆమ్లాన్ని కూడా గ్లుటమిన్‌గా మార్చేస్తే ముడులు నాలుగవుతాయి. సగటు లేదు, మూడున్నర లేదు. రెండంటే రెండు, నాలుగంటే నాలుగు.

కానీ చక్కెర గొలుసు తీసేస్తే ఒక నష్టముంది. రోగనిరోధక కణాలను పిలిచే శక్తి యాంటీబాడీకి చాలావరకు ఆ గొలుసు వల్లే వస్తుంది. గొలుసును తియ్యకుండానే 295కి మందు కట్టే పద్ధతిని అదే స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆరారిస్ అనే చిన్న కంపెనీ సాధించింది. 2025లో జపాన్‌కు చెందిన తైహో ఆ కంపెనీని కొనుక్కుంది. ముందుగా ఇచ్చింది 40 కోట్ల డాలర్లు. చేపముద్దను బిగించే ఎంజైమ్ కథ జపాన్‌లో మొదలై, స్విస్ ప్రయోగశాల చుట్టి మళ్లీ జపాన్ కంపెనీ చేతికే వచ్చింది.

శత్రువు కత్తి మన చేతికి

గొంతునొప్పి తెచ్చి, పట్టించుకోకపోతే కొందరు పిల్లల్లో గుండె కవాటాల్ని పాడుచేసే బ్యాక్టీరియా స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్. దాన్ని చంపడానికి మన ఒళ్లు యాంటీబాడీలను పంపిస్తుంది. అది ఎండోఎస్ అనే ఎంజైమ్‌ను వదిలి, ఆ యాంటీబాడీల చక్కెర గొలుసును కత్తిరిస్తుంది. గొలుసు తెగిన యాంటీబాడీ సాయం పిలవలేదు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాటియాస్ కొలిన్, ఆర్నే ఓల్సెన్ 2001లో ఈ మాయను బయటపెట్టారు.

యాంటీబాడీలో మరెక్కడా వేలు పెట్టకుండా చక్కెరనే కత్తిరించే కత్తి ఇంకెక్కడ దొరుకుతుంది? నెదర్లాండ్స్‌లోని సినాఫిక్స్ కంపెనీ ఈ తరహా కత్తినే వాడుకుంది. ముందు చక్కెర గొలుసును మొదటిదాకా కత్తిరిస్తారు. మిగిలిన ముక్క మీద ఇంకో ఎంజైమ్‌తో అజైడ్ అనే కొక్కెం ఉన్న చక్కెరను తగిలిస్తారు. ఆ కొక్కేనికి మందు టక్కున పడిపోతుంది. ఈ టక్కున పడే రసాయనానికి క్లిక్ కెమిస్ట్రీ అని పేరు, 2022 నోబెల్ దానికే. మందు ప్రొటీన్ మీద కాక చక్కెర మీద కూర్చోవడం ఈ పద్ధతి ప్రత్యేకత. ఈ పద్ధతితో చేసిన ఐబీఐ343 అనే మందును చైనాకు చెందిన ఇన్నోవెంట్ కంపెనీ జీర్ణాశయ క్యాన్సర్ మీద మూడో దశ పరీక్షల దాకా తెచ్చింది. సినాఫిక్స్‌ను 2023లో స్విస్ కంపెనీ లోంజా కొనేసింది.

ఆ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకరైన కరొలిన్ బెర్టోజీకి ఈ ముడుల లోకంలో ఇంకో కథ ఉంది. మన కణాల్లో ఒక ఎంజైమ్ ఉంది. ప్రొటీన్‌లో ఒక ఐదక్షరాల వరుస కనబడితే అందులోని సిస్టీన్‌ను ఆల్డిహైడ్ కొక్కెంగా మార్చడమే దాని పని. అది లోపించి పుట్టిన పిల్లలకు సల్ఫటేజ్ జాతి ఎంజైమ్‌లన్నీ ఒకేసారి మూలపడతాయి, అది చాలా అరుదైన, చాలా క్రూరమైన జబ్బు. బెర్టోజీ బృందం 2007లో ఆ ఐదక్షరాలను కావలసిన ప్రొటీన్‌లో రాసిపెట్టి, ఆ ఎంజైమ్ చేతే కొక్కెం పెట్టించింది. యాంటీబాడీ కణంలో తయారవుతుండగానే కొక్కెం కూడా తయారైపోతుంది, విడిగా పనేమీ ఉండదు. ఇన్ని పద్ధతుల్లో నా మనసుకు హత్తుకున్నది ఇదే.

అన్నిటికన్నా వేగం, పెరటి తీగది

కంచె మీద పాకే శంఖుపువ్వు తీగ మనకు తెలియనిది కాదు. నీలంగా పూసేదీ, తెల్లగా పూసేదీ రెండూ ఉంటాయి. పూజకు కోసుకుంటాం. కాయలు సన్నగా, బల్లపరుపుగా ఎండిపోయి తీగకే వేలాడుతుంటే పట్టించుకోం. సింగపూర్‌లోని నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో జేమ్స్ టామ్ బృందం ఆ కాయల్లోంచే ఒక ఎంజైమ్ తీసి 2014లో ప్రకటించింది. మలయ్ భాషలో ఈ పువ్వును బుంగా తెలాంగ్ అంటారు, అందుకని బ్యుటెలేజ్ అని పేరు పెట్టారు.

ప్రొటీన్ ముక్కల్ని అతికించే ఎంజైమ్‌లలో అప్పటికి తెలిసినవాటన్నిటికన్నా వేగమైనది ఇదే. అంతకుముందు అందరూ వాడుతున్న సోర్టేజ్‌తో పోలిస్తే దీని సామర్థ్యం వేల రెట్లు. మొక్కకు దీనితో పనేమిటంటే, పురుగుల్ని దూరం పెట్టే చిన్న ప్రొటీన్ల రెండు కొసల్నీ కలిపి చుట్ట చుట్టడం. కొస లేని గొలుసును అరిగించుకోవడం పురుగు కడుపుకు కష్టం. యాంటీబాడీలకు గుర్తులు తగిలించడానికి ప్రయోగశాలల్లో ఇప్పటికే దీన్ని వాడి చూశారు. ఈసారి తీగ దగ్గరికి వెళ్లినప్పుడు ఒక ఎండుకాయను చేతిలోకి తీసుకుని చూడండి.

కట్టేదీ ఎంజైమే, విప్పేదీ ఎంజైమే

ముడి దారిలో ఊడకూడదు, చేరాల్సిన చోట ఊడకపోనూ కూడదు. చాలా ఏడీసీల్లో మందుకూ యాంటీబాడీకీ నడుమ రెండు నుంచి నాలుగు అమైనో ఆమ్లాల లంకె ఉంటుంది. రక్తంలో అది గట్టిగానే ఉంటుంది. క్యాన్సర్ కణం మింగాక, కణం కడుపులాంటి లైసోజోమ్‌లో ఉండే కాథెప్సిన్ అనే ఎంజైమ్ వచ్చి దాన్ని కొరుకుతుంది. 2019లో అనుమతి పొందిన ఎన్‌హెర్టూలో అలాంటి లంకెలు ఎనిమిది. హాంబ్లెట్ ప్రయోగంలో ఎనిమిది కట్టడం కలిసిరాలేదు కదా, ఇక్కడెలా కుదిరిందంటే లంకె స్వభావం మార్చడం వల్ల కుదిరింది. 2022 జూన్‌లో షికాగోలో జరిగిన క్యాన్సర్ వైద్యుల మహాసభలో దీని ఫలితాలు వినిపించినప్పుడు సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అప్పటిదాకా ఇలాంటి మందులకు పనికిరారని పక్కన పెట్టిన రొమ్ము క్యాన్సర్ రోగుల్లో చాలామందికి అది దారి చూపింది.

ఈ మందుల్ని ఎక్కించే నర్సులకు తెలిసిన ఒక సంగతి. ఎన్‌హెర్టూను గ్లూకోజ్ సీసాలోనే కలపాలి, సెలైన్‌లో కలపకూడదు. కాడ్‌సైలాను సెలైన్‌లోనే కలపాలి, గ్లూకోజ్‌లో కలపకూడదు. రెండిట్లోనూ ఉన్న యాంటీబాడీ ఒక్కటే, ట్రాస్టుజుమాబ్.

విషాల పుట్టిళ్లు

ఎంఎంఏఈకి మూలం, హిందూ మహాసముద్రంలో మారిషస్ దగ్గర దొరికిన పైకి గుల్ల కనిపించని ఒక నత్త జాతి జీవి. వందల కిలోల జీవాల్ని వడగడితే చేతికొచ్చింది మిల్లీగ్రాములే. తర్వాత తేలిందేమిటంటే, ఆ విషాన్ని చేసేది నత్త కాదు, అది మేసే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు. కాడ్‌సైలాలోని విషానికి మూలం ఇథియోపియా నుంచి తెచ్చిన ఒక పొద.

కట్టే చెయ్యీ, కడిగే చెయ్యీ

బ్యుటెలేజ్ దగ్గర పేరెత్తిన సోర్టేజ్ కథ చివరికి దాచాను. పుండ్లకూ గడ్డలకూ ఆస్పత్రి ఇన్ఫెక్షన్లకూ పేరుమోసిన స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, తన ప్రొటీన్లను పైగోడకు తాపడం చేసుకోవడానికి వాడే ఎంజైమ్ అది. ఐదక్షరాల వరుసను గుర్తుపట్టి, చివరి రెండక్షరాల నడుమ కోసి, అక్కడ కొత్త కొసను అతికిస్తుంది. 1999లో లాస్ ఏంజెలెస్‌లో ఓలాఫ్ ష్నీవిండ్ బృందం దీన్ని పట్టుకుంది. నిదానంగా పనిచేస్తుంది. పైగా తాను కట్టిన చోటునే మళ్లీ కొయ్యనూ గలదు. 2011లో హార్వర్డ్‌లో డేవిడ్ లియు బృందం దీన్ని ప్రయోగశాలలో తరాల కొద్దీ మార్పించి, 140 రెట్ల దాకా చురుకు తెచ్చింది. బాసెల్‌లోని ఎన్‌బీఈ అనే కంపెనీ సోర్టేజ్‌తో కట్టిన ఏడీసీని మనుషుల మీద పరీక్షల దాకా తెచ్చింది. 2020 డిసెంబరులో బోరింగర్ ఇంగెల్‌హైమ్ ఆ కంపెనీకి పెట్టిన వెల 118 కోట్ల యూరోలు.

ముడి వేశాక ఎంజైమ్‌ను సీసాలోంచి పూర్తిగా తీసెయ్యాలి. రోగి ఒంట్లోకి అది వెళ్లకూడదు. అందుకు ద్రవాన్ని సన్నని పూసలు నింపిన స్తంభంలోంచి పారిస్తారు. పూసలు యాంటీబాడీని పట్టుకుని ఆపుతాయి, మిగతాదంతా కడిగేసుకుని పోతుంది, తర్వాత ఆమ్లగుణమున్న నీటితో యాంటీబాడీని విడిపిస్తారు. ఆ పూసల మీద ఉండే పట్టు పేరు ప్రొటీన్ ఏ. లోకంలో యాంటీబాడీ మందులు శుద్ధయ్యేది ఎక్కువగా దీని మీదే. ఆ ప్రొటీన్ ఏ కూడా మొదట స్టఫైలోకాకస్ ఆరియస్‌దే, మన యాంటీబాడీలను తలకిందులుగా పట్టుకుని పనికిరాకుండా చెయ్యడానికి అది తన పైగోడ మీద పరుచుకునేది. దాన్ని గోడకు కట్టి ఉంచే ఎంజైమే సోర్టేజ్.